ఫార్మాట్ కొట్టించే ముందు ర్యామ్ సంగతి చూడండి

కంప్యూటర్ కష్టాలు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఇరవై రెండేళ్లు పనిచేసి, ఇప్పుడు విశాఖ అక్కయ్యపాలెంలో మా ఇంటి కింద గదిలో రిపేర్లు చూసుకుంటున్నాను. ఈసారి ఉత్తరాలన్నీ ఒక్క ర్యామ్ (కంప్యూటర్ పనిచేస్తున్నంతసేపూ వాడుకునే తాత్కాలిక మెమరీ) చుట్టూనే తిరిగాయి. కొందరికి ఆ సంగతి తెలిసే రాశారు. ఎక్కువమంది తెలియక రాశారు.

ప్రశ్న: మేడమ్ గారూ, గాజువాకలో మాకు చిన్న ఫొటో స్టూడియో ఉంది. పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కంప్యూటర్ రెండు నెలలుగా ఉన్నట్టుండి బ్లూ స్క్రీన్ ఇచ్చి రీస్టార్ట్ అవుతోంది. ప్రతిసారీ వేరే పేరు చూపిస్తుంది. రెండుసార్లు ఫార్మాట్ కొట్టించాం. నాలుగు రోజులు బాగుంటుంది, మళ్లీ మొదలు. ఇప్పుడు కొన్ని ఫొటోల్లో సగం నుంచి కిందికి రంగులు మారిపోయి గీతలు వస్తున్నాయి. రిపేరు చేసే అబ్బాయి హార్డ్ డిస్క్ పోయింది, ఎస్‌ఎస్‌డీ వేయించమంటున్నాడు. పాత ర్యామ్ 8 జీబీ, సంక్రాంతికి ఇంకో 8 జీబీ వేయించాం. ముహూర్తాల రోజులు, చాలా టెన్షన్‌గా ఉంది. – ఫొటో స్టూడియో యజమాని, గాజువాక

జవాబు: ముందు ఒక పని చేయండి. కెమెరా కార్డుల్లో ఉన్న ఫొటోలు ఒక్కటి కూడా డిలీట్ చేయకండి. గీతలు పడిన ఫొటోని అదే కార్డు నుంచి ఇంకో కంప్యూటర్‌లో తెరిచి చూడండి. అక్కడ శుభ్రంగా ఉంటే పెళ్లివారి ఫొటోకి ఏమీ కాలేదు, మీ కంప్యూటర్‌లోకి కాపీ అయ్యేటప్పుడు పాడయిందని అర్థం. కాపీ అయ్యే ప్రతి ఫైలూ ర్యామ్ మీదుగానే డిస్క్‌కి వెళ్తుంది. దారిలో ఒక అంకె మారితే ఆ మారిన అంకెనే డిస్క్ నమ్మకంగా దాచిపెడుతుంది. చూసేవాళ్లకి తప్పు డిస్క్‌దే అనిపిస్తుంది. ఈ రెండు నెలల్లో తీసిన బ్యాకప్‌లను కూడా పూర్తిగా నమ్మకండి. వాటి మీద పాత బ్యాకప్‌ని చెరపకండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట "ప్రతిసారీ వేరే పేరు" అన్నది. ఒకరోజు 'మెమరీ మేనేజ్‌మెంట్', ఇంకోరోజు 'పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా', మరోరోజు 'ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్' వచ్చి ఉంటాయి. ఏదో ఒక డ్రైవర్ (ఒక్కో పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్) పాడైతే సాధారణంగా రోజూ ఒకే పాట పాడుతుంది. ర్యామ్ పాడైతే ఆ చెడ్డ చోట ఆ పూట ఎవరు కూర్చుంటే వాళ్లు పడిపోతారు. అందుకే రోజుకో పేరు. పైగా సంక్రాంతికి కొత్త స్టిక్ (ర్యామ్ చిప్‌లుండే పట్టీ) వేయించానన్నారు. ఆ అబ్బాయి ఆ మాట అడగలేదంటే నాకు ఆశ్చర్యంగా ఉంది.

ఖర్చు లేని పరీక్ష ఒకటుంది. రెండు మూడు జీబీల జిప్ ఫైలు తీసుకుని మూడుసార్లు విప్పండి. మూడుసార్లూ అదే ఫైలు దగ్గర ఎర్రర్ వస్తే ఆ జిప్పో, డిస్కో చెడింది. ఒకసారి ఇక్కడ, ఒకసారి అక్కడ ఎర్రర్ వచ్చి, మూడోసారి సాఫీగా విప్పుకుంటే మొదటి అనుమానం ర్యామ్ మీదే.

ఇక అసలు పరీక్ష. మెమ్‌టెస్ట్86 ప్లస్ అని ఉచితంగా దొరుకుతుంది. 1994లో క్రిస్ బ్రేడీ రాసిన మెమ్‌టెస్ట్86 నుంచి పుట్టిన కొమ్మ అది. ఇంట్లో వేరే కంప్యూటర్ మీద పెన్‌డ్రైవ్‌లో వేయించండి. పాడైన కంప్యూటర్‌లోనే ఆ పెన్‌డ్రైవ్ తయారుచేస్తే దొంగ చేతికే తాళం ఇచ్చినట్టు. కంప్యూటర్ ఆన్ చేస్తూ ఎఫ్12, ఎఫ్11, ఎఫ్8 లాంటి మీటల్లో మీ మదర్‌బోర్డుది ఏదో అది నొక్కి పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. విండోస్ జోలికి వెళ్లకుండానే అది మొదలవుతుంది. విండోస్ నడుస్తుంటే తను కూర్చున్న చోటు ఖాళీ చేయదు కదా, ఆ చోటుని ఎవరు పరీక్షిస్తారు? అందుకే ఈ ఏర్పాటు.

రాత్రి స్టూడియో కట్టేసేటప్పుడు పెట్టి, పొద్దున్న వచ్చి చూడండి. తప్పులుంటే ఎర్ర గీతల్లో కనిపిస్తాయి. "ఒక్కటే వచ్చింది మేడమ్, ఫర్వాలేదా" అని అడుగుతుంటారు. ఫర్వా ఉంది. కిరాణా కొట్టు తూకంలో కిలోకి ఒక గ్రాము తేడా వస్తే ఊరుకుంటాం. ర్యామ్‌లో ఒక్క బిట్ (ఒక్క 0 లేదా 1) తేడా వచ్చినా ఊరుకోకూడదు.

ఎర్రర్ వచ్చిందే అనుకోండి, అప్పుడు కూడా కొత్త ర్యామ్ కొనకండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ గోడ నుంచి పీకి, పవర్ బటన్‌ని కొద్ది సెకన్లు నొక్కి పట్టుకోండి. క్యాబినెట్ ఇనుముని ఒకసారి ముట్టుకుని, ఆ తర్వాతే చెయ్యి లోపల పెట్టండి. రెండు స్టిక్‌లకీ చిన్న కాగితం ముక్కలు అతికించి 'పాత', 'కొత్త' అని రాయండి. నాలుగు స్లాట్లున్న (ర్యామ్ పెట్టే గాళ్లు) చాలా బోర్డుల్లో ఒక్క స్టిక్ వేయాలంటే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండో స్లాట్‌లో వేయాలి. అక్కడ పాతది ఒక్కటే పెట్టి పరీక్షించండి. తర్వాత అదే స్లాట్‌లో కొత్తది. రెండింట్లో ఒకటే తప్పులు చూపిస్తే దొంగ దొరికినట్టే. రెండూ ఆ స్లాట్‌లో పాసై, ఇంకో స్లాట్‌లో ఏది పెట్టినా తప్పులు వస్తే స్లాట్‌నో బోర్డునో అనుమానించండి. ఒక్కోసారి ప్రాసెసర్ కింద వంగిన పిన్ను కూడా ఈ వేషం వేస్తుంది. విడివిడిగా రెండూ పాసై, కలిపితేనే గొడవపడితే అవి అత్తా కోడళ్లు. వేరే కంపెనీలవీ వేరే టైమింగ్‌లవీ కలిపితే ఇలా అవుతుంటుంది. బయోస్‌లో (విండోస్ కంటే ముందు బోర్డులో నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) వేగం ఒక మెట్టు తగ్గించి చూడండి, లేదా ఒకే జతగా అమ్మే రెండు స్టిక్‌లు తీసుకోండి.

స్టిక్ పాడైందని తేలితే బిల్లు వెతకండి. ర్యామ్‌కి చాలా కంపెనీలు ఏళ్ల తరబడి వారంటీ ఇస్తాయి, కొన్నయితే లైఫ్‌టైమ్ అని కూడా రాస్తాయి. ఎర్ర గీతలతో ఉన్న స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకుని వెళ్లండి. ఆ ఫొటో ఉంటే కౌంటర్ దగ్గర వాదన సగం తగ్గుతుంది. మీకు ఫొటో తీయడం నేను నేర్పక్కర్లేదు.

రెండుసార్లు కొట్టించిన ఫార్మాట్ సంగతి. చెడ్డ ర్యామ్ మీద వేసిన విండోస్ పుట్టుకతోనే పాడై ఉండొచ్చు. స్టిక్ మార్చాక మూడోసారి విండోస్ వేయించక తప్పదు. ఆ ఖర్చు ఆ రిపేరు అబ్బాయిని పెట్టుకోమనండి.

ప్రశ్న: అక్కా, నేను మద్దిలపాలెంలో హాస్టల్‌లో ఉండి బీటెక్ చదువుతున్నాను. డీడీఆర్4 3200 ర్యామ్ కొన్నాను. బయోస్‌లో ఎక్స్‌ఎమ్‌పీ ఆన్ చేస్తే మెమ్‌టెస్ట్‌లో ఎర్రర్లు వస్తున్నాయి, ఆఫ్ చేస్తే రావు. ర్యామ్ పాడైనట్టేనా? షాపు వాళ్లు 'ఆఫ్‌లో బాగానే ఉంది కదా' అంటున్నారు. – విద్యార్థి, మద్దిలపాలెం

జవాబు: తమ్ముడూ, షాపు వాళ్లదీ తప్పు కాదు, నీదీ తప్పు కాదు. డీడీఆర్4 రకం ర్యామ్ మామూలు వోల్టేజి 1.2. ఎక్స్‌ఎమ్‌పీ, అంటే ర్యామ్‌ని ప్యాకెట్ మీద రాసిన వేగంతో నడిపే సెట్టింగు, ఆన్ చేశాక చాలా స్టిక్‌లు 1.35 వోల్టుల మీద 3200 వేగంతో పరుగెత్తుతాయి. ఆఫ్‌లో 2133, 2400 లాంటి మామూలు వేగంతో నడుస్తాయి. ఆ పరుగుకి స్టిక్ ఒక్కటే ఉంటే చాలదు, ప్రాసెసర్‌లోని మెమరీ కంట్రోలరూ బోర్డూ కూడా తోడు రావాలి. ముగ్గురిలో ఎవరు వెనకబడినా ఎర్రర్ వస్తుంది.

బయోస్ అప్‌డేట్ ఉంటే ముందు అది చేయించు. కరెంటు పోని వేళ చూసి చెయ్యి, వానాకాలం సాయంత్రాలు అసలు వద్దు. ఆ తర్వాత 3000 పెట్టి పరీక్షించు. స్నేహితుడి కంప్యూటర్‌లో ఇదే స్టిక్‌ని 3200 మీద ఒక రాత్రి నడిపించు. అక్కడా ఎర్రర్ వస్తే ప్యాకెట్ మీద రాసిన వేగం ఇవ్వలేని స్టిక్ అది. మార్చమని గట్టిగా అడుగు. అక్కడ పాసైతే 3000 మీదే వాడుకో. ఆటల్లో ఆ తేడా నీ కంటికి కనిపించదు, నన్నడిగితే.

ప్రశ్న: విండోస్‌లోనే ఉన్న మెమరీ డయాగ్నస్టిక్ నడిపాను, ఏ సమస్యా లేదంది. నిశ్చింతగా ఉండొచ్చా? – బ్యాంకు ఉద్యోగి, ఎంవీపీ కాలనీ

జవాబు: సగం నిశ్చింత. మొదలైన వెంటనే ఎఫ్1 నొక్కి 'ఎక్స్‌టెండెడ్' ఎంచుకుని మళ్లీ నడపండి. ఊరికే వదిలేస్తే అది తేలిక పరీక్షే చేస్తుంది. ఫలితం తెర మీద రాకపోతే ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్‌లో 'మెమరీ డయాగ్నస్టిక్స్ రిజల్ట్స్' అని ఉంటుంది. అది తప్పు ఉందంటే ఉన్నట్టే. లేదంటే మెమ్‌టెస్ట్ కూడా అడగండి.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ తెలుగు మాస్టారిని. భీమిలిలో సముద్రానికి దగ్గరలో ఇల్లు. కంప్యూటర్ ఆన్ చేస్తే బీప్ బీప్ అని అరుస్తుంది, తెర మీద ఏమీ రాదు. పక్కింటి కుర్రాడు ర్యామ్ తీసి, మా మనవరాలి రబ్బరుతో రుద్ది పెట్టాడు. పనిచేసింది. నెల తిరక్కుండా మళ్లీ అదే అరుపు. మళ్లీ రుద్దాడు. ఇది మూడోసారి. రబ్బరు అరిగిపోతోంది కానీ జబ్బు పోవడం లేదు. – రిటైర్డ్ మాస్టారు, భీమిలి

జవాబు: మాస్టారూ, ఆ రబ్బరు వైద్యం మా తరం రిపేరు వాళ్లందరి చేతిలోనూ ఉన్నదే. నేనూ చేశాను, వేల స్టిక్‌లకి. ర్యామ్ అడుగున బంగారు రంగులో కనిపించే పళ్ల మీద నిజంగానే పల్చటి బంగారు పూత ఉంటుంది. బంగారం తుప్పు పట్టదు. కానీ దాని మీద ఉప్పుగాలి తేమా, దుమ్మూ, చేతి జిడ్డూ పొరగా కూర్చుంటాయి. రబ్బరు ఆ పొరని తీసేస్తుంది. అంతవరకూ బాగుంది. గట్టిగా రుద్దితే పూత కూడా కొంచెం కొంచెంగా పోతుంది. మూడుసార్లు రుద్దారంటే నాకు భయంగా ఉంది. రబ్బరు పొడి స్లాట్‌లోకి రాలితే అది ఇంకో జబ్బు.

భీమిలి గాలి గురించి నాకు చెప్పక్కర్లేదు. మా చెల్లెలి ఇల్లు అటే. వాళ్ల మేడ మీద దండెం తీగ ఏటా మారుస్తారు, కిటికీ ఊచలకి ఏటా రంగు. ఆ ఊచల్ని తిన్న గాలే మీ కంప్యూటర్ లోపలికీ వెళ్తుంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రోజు మా ల్యాబ్ కిటికీ అద్దాలన్నీ పోయాయి. కరెంటు వచ్చేసరికి రోజులు పట్టింది. అప్పటికి నలభై మెషీన్లూ వర్షంలో, ఉప్పు తుంపరలో తడిసి ఆరి ఉన్నాయి. పై అధికారులు అన్నీ తీసేద్దామన్నారు. నేను ఒక మంచి బోర్డు బల్ల మీద పరిచి, ఒక్కొక్క స్టిక్ దాంట్లో పెట్టి మెమ్‌టెస్ట్ నడిపాను. అది ఎనిమిది రోజుల పని. పాసైనవి అరటిపళ్ల బుట్టలో, ఫెయిలైనవి చెత్తబుట్టలో, అనుమానం ఉన్నవి నా టిఫిన్ డబ్బా మూతలో. మొదటి రోజు ఫెయిలైన స్టిక్‌లని పడేయబోతూ, మా అటెండరు "ఒకసారి కడిగి చూద్దాం మేడమ్" అంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదితో తుడిచి మళ్లీ పెట్టాను. చెత్తబుట్టలోవి సగానికి పైగా లేచి కూర్చున్నాయి. ఆ రోజు నుంచి నేను తుడవకుండా ఏ స్టిక్‌నీ పాడైందని చెప్పను. ఒకసారి తుడిచాక బాగైంది కదా అని పరీక్షించకుండా కూడా వదలను.

మీ విషయంలో స్టిక్‌ని కుర్రాడు మూడుసార్లు శుభ్రం చేశాడు, స్లాట్‌ని ఒక్కసారీ చేసినట్టు లేదు. పళ్లు స్టిక్‌కే కాదు, స్లాట్ లోపల కూడా ఉంటాయి. బ్లోయర్‌తో స్లాట్‌లో దుమ్ము ఊదించండి. నోటితో మాత్రం వద్దు, తుంపర పడుతుంది. స్టిక్ పళ్లని మందుల షాపులో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో మెత్తని బట్ట తడిపి తుడవమనండి, పూర్తిగా ఆరాక పెట్టమనండి. పెట్టేటప్పుడు చివర క్లిప్ టక్కున పడే వరకూ నొక్కాలి. సగం దిగిన స్టిక్ కూడా ఇలాగే అరుస్తుంది. ఖాళీగా ఉన్న వేరే స్లాట్‌లో పెట్టి ఒక నెల చూడండి. అక్కడ అరవకపోతే పాత స్లాట్‌ని మరిచిపోండి. అక్కడా అరిస్తే స్టిక్ మార్చండి.

ఆ బీప్‌లు ఎన్ని, పొడుగ్గానా పొట్టిగానా అన్నది కూడా లెక్కపెట్టి రాసుకోండి. బోర్డు కంపెనీని బట్టి వాటికి అర్థం మారుతుంది, కానీ మీ బోర్డు పుస్తకంలో ఆ లెక్క రాసి ఉండొచ్చు. ఛందస్సు చెప్పినవారికి గురువులు, లఘువులు లెక్కపెట్టడం కష్టం కాదు.

కంప్యూటర్ కిటికీ కింద ఉందా? ఉంటే లోపలి గోడ వైపు జరపండి. రోజూ కాసేపు ఆన్ చేసి ఉంచండి. వెచ్చగా ఉన్న పెట్టెలో తేమ తక్కువ పడుతుంది.

ప్రశ్న: నా ల్యాప్‌టాప్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంది, తీయడానికి లేదు. మెమ్‌టెస్ట్ ప్రతిసారీ ఒకే చోట ఎర్రర్ చూపిస్తోంది. బోర్డు మార్చడానికి పెద్ద మొత్తం అడుగుతున్నారు. వేరే దారి ఉందా? – డీటీపీ ఆపరేటర్, డాబాగార్డెన్స్

జవాబు: ఒకే చోట అంటే మీకు అదృష్టం కొంత ఉంది. ఆ చోటుని వాడొద్దని విండోస్‌కి చెప్పొచ్చు. బీసీడీఎడిట్ అనే కమాండ్‌లో 'బ్యాడ్ మెమరీ లిస్ట్' అనే జాబితా ఉంది, అందులో ఆ చోటు ఉన్న పేజీ (మెమరీలో ఒక చిన్న ముక్క) నంబరు రాయించాలి. లినక్స్ అయితే బూట్ అయ్యేటప్పుడు 'మెమ్‌మ్యాప్' అని రాసి ఆ ముక్కని పక్కన పెట్టొచ్చు. తెలిసినవాళ్లతోనే చేయించండి. తర్వాత నెలకోసారి మెమ్‌టెస్ట్ నడపండి, తప్పులు పక్క చోటికి పాకుతుంటే బోర్డు కోసం డబ్బు దాచుకోవడం మొదలుపెట్టండి. అప్పటివరకూ కస్టమర్ల ఫైళ్ల కాపీ ఆ ల్యాప్‌టాప్‌లో ఒక్కదాంట్లోనే ఉంచకండి.

ప్రశ్న: మేడమ్, నేను పదో తరగతి. ర్యామ్‌లో ఏమీ పాడవకుండానే ఒక బిట్ దానంతటదే మారిపోతుందని మా అన్నయ్య అన్నాడు. నిజమా? – విద్యార్థి, పెందుర్తి

జవాబు: నిజమే బాబూ. ర్యామ్‌లో ఒక్కో బిట్ ఒక్కో చిన్న విద్యుత్ గిన్నె. గిన్నెలో ఛార్జి ఉంటే 1, లేకపోతే 0 అనుకో. ఆ గిన్నె కారుతుంటుంది. అందుకే 64 మిల్లీసెకన్ల లోపల ప్రతి గిన్నెనీ చదివి మళ్లీ నింపుతూ ఉంటారు. ఒక్క ట్రాన్సిస్టర్‌తో ఇలాంటి గిన్నె చేయొచ్చని ఐబీఎమ్‌లో రాబర్ట్ డెనార్డ్ కనిపెట్టాడు, 1968లో పేటెంట్ వచ్చింది. మీ ఇంట్లో 16 జీబీ ర్యామ్ ఉంటే దాంట్లో 13,700 కోట్ల పైచిలుకు గిన్నెలున్నాయి. అంత చిన్న గిన్నెలో ఉండే ఛార్జి చాలా తక్కువ. బయటి నుంచి వేగంగా ఒక కణం వచ్చి తగిలితే లెక్క తప్పొచ్చు.

1978లో ఇంటెల్ ఇంజనీర్లు తిమోతీ మే, ముర్రే వుడ్స్ ఇలాంటి తప్పుల వెంట పడి, చిప్ చుట్టూ ఉన్న పింగాణీ పెట్టెలోని యురేనియం, థోరియం జాడల నుంచి వచ్చే ఆల్ఫా కణాలే కారణమని తేల్చారు. పెట్టె కాపలా కాస్తుందనుకుంటే అదే రాళ్లు వేసింది! అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాల వల్ల పుట్టే కణాలు కూడా ఇదే పని చేయగలవు. అందుకే సర్వర్లలో ఈసీసీ ర్యామ్ వాడతారు. ప్రతి 64 బిట్లకీ ఇంకో 8 కాపలా బిట్లు పెట్టి, ఒక బిట్ మారితే దాన్ని సరిదిద్దుతారు, రెండు మారితే పట్టుకుంటారు. ఇలా ఒక బిట్ మారినంత మాత్రాన ర్యామ్ పాడైనట్టు కాదు, మళ్లీ రాస్తే అది మామూలుగానే ఉంటుంది. రోజూ అదే చోట తప్పు వస్తే మాత్రం ఆకాశాన్ని తిట్టకు, స్టిక్ మార్పించు.

2003లో బెల్జియం ఎన్నికల్లో బ్రస్సెల్స్ దగ్గర స్కార్‌బీక్ అనే చోట, ఓటింగ్ కంప్యూటర్‌లో ఒక అభ్యర్థికి రావడానికి వీల్లేనన్ని ఓట్లు వచ్చాయి. మళ్లీ లెక్కపెడితే సరిగ్గా 4096 ఎక్కువ. ప్రోగ్రామ్‌లో తప్పేమీ దొరకలేదు, మెమరీలో ఒక బిట్ 0 నుంచి 1కి మారి ఉంటుందని అనుమానించారు. 4096 ఎందుకో నీకు నేను చెప్పను. దాన్ని 2తో భాగిస్తూ పో, 1 వచ్చే వరకు. ఎన్నిసార్లు భాగించావో లెక్కపెట్టి మీ అన్నయ్యకి చూపించు.